ఎవరి శిష్యులు? జూలై 6 నాటి కొన్ని ముచ్చటలు
(మేష్టారి స్మారకసభలో చేసిన ఉపన్యాసము)

మేష్టారి పేర జరుగు ఈ సభలో మాటాడుటకు నన్ను పిలిచినప్పుడు, నాకు పాడుట రాదనియు, వారియొద్ద నాలుగేండ్లు ఫిడేలు పట్టియు సరళీవరుసలు దాటి జంటవరుసలలో చిక్కుకొని పోయినవాడననియు కార్యదర్శిగారితో మనవి చేసికొంటిని. పాడువారి నందరిని ఇదివరకే పిలిచితిమనియు, ఈ ఏడు వినువాని నొకనిని పిలువదలచితిమనియు వారు సెలవిచ్చినారు. వినువాడనుగా మాటాడుచున్నాను గనుక నా మాటలలో శాస్త్రము తక్కువగాను ముచ్చట యెక్కువగాను ఉండిన మన్నింతురని నమ్ముచున్నాను.

మేష్టారి ఆబ్దికమును వారి కుమారులు తిథి ననుసరించి ఆషాఢ బహుళమున పెట్టుదురు. మనము మాత్రము తారీఖు ననుసరించి జూలై 6 న వారిని తలచుకొందుము. ఏటేట ఒకే మనిషికి రెండు జ్ఞాపకదినములు వచ్చుట తెలుగుదేశమున క్రొత్త గాదు. త్యాగరాజస్వామి సిద్ధి పొందిన దినము పుష్య బహుళ పంచమి యని మనవారికి చిన్ననాటనే తెలియును గాని, అది 1847 జనవరి 6 అని చెప్పినచో గాయకులలోనే సగము మంది కనుబొమలెత్తుదురు. తిథి చంద్రునితోడిది, అది వానలతోను ఉపవాసములతోను పెనవేసికొని, ఒక్కొక్క యేడు ముందునకు జరిగి, ఒక్కొక్క యేడు వెనుకకు తగ్గి, ఇంటికి వచ్చు చుట్టమువలె వచ్చును. తారీఖు కచేరీ గుమాస్తా వంటిది; పుట్టినవాడెవడో పోయినవాడెవడో దానికి పట్టదు, అంకె వేసి చిట్టాలో ఎక్కించుకొని పోవును. ఐనను ఆ గుమాస్తా చిట్టాను తీరికగా తిరుగవేసినచో, ఒకరి నొకరు ఎన్నడును చూడని మనుష్యులు ఒకే పుటలో ప్రక్కప్రక్కన కూర్చుండి కనబడుదురు. జూలై 6 పుట అట్టిది.

నే నా పుటను తిరుగవేయుటకు కారణము మేష్టారు వేసిన ఒక ప్రశ్న. 1965 ప్రాంతమున, మా పెంకుటింటి వసారాలో, నేను ఫిడేలును ఒడిలో పెట్టుకొని సాధన చేయుచున్నట్లు నటించుచు, నిజమునకు రేడియో సిలోనులో వచ్చుచున్న ఇంగ్లీషు పాటను చెవులప్పగించి వినుచుండగా, వీధిగుమ్మములో చెప్పులు విడుచు చప్పుడైనది. గతుక్కుమని మర కట్టివేయబోతిని. “ఉండనీరా” అని వారు కండువాతో మొగము తుడుచుకొనుచు గడపయొద్దనే నిలిచి, పాట ముగియువరకు వినిరి. చూపుడువ్రేలు ద్వారబంధముమీద మెల్లగా తాళము వేయుచునే యుండెను. పిదప, “ఇద్దరు పాడుతున్నారు కదరా. ఒకడి దారి పైన, ఒకడి దారి కింద. శ్రుతి మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. ఎవరి శిష్యులురా వీళ్ళు?” అని అడిగిరి. బీటిల్సు అను పేరు నాకు తెలియును. గురువు పేరు తెలియదు. తెల్లమొగము వేసితిని. “గురువు పేరు లేని పాటగాళ్ళా!” అని నవ్వి తంబురా తీయుమనిరి. ఆ తంబురాయే ఇప్పుడు ఈ మందిరములో మీ కుడిచేతివైపు అద్దాల బీరువాలో నున్నది.

నాటి ప్రశ్నకు జవాబు నేడు చెప్పుకొనుచున్నాను. ఆలస్యమైనదని ఒప్పుకొందును.

పరంపరను చెప్పవలెనన్న ఈ పుటలో మొదటి పేరు బిల్ హేలీది. ఆయన 1925 జూలై 6 న అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు హైలాండ్ పార్కు అను పట్టణమున జన్మించెను. తండ్రి కెంటకీవాడు, బాంజోయు మాండొలినును వాయించెడివాడు. తల్లి ఇంగ్లండులోని లాంకషైర్ సీమనుండి వలస వచ్చినది, శాస్త్రోక్తముగా వాద్యము నేర్చినది. పసితనమున చెవికి జరిగిన శస్త్రచికిత్స వికటించి ఎడమకంటి చూపు పోగా, జనుల దృష్టిని ఆ కంటినుండి మరల్చుటకే నుదుటిపై ముంగురుల చుట్ట నొకదానిని దువ్వుకొనెడివాడని చెప్పుదురు. మొదట పశువులకాపరి టోపీ పెట్టి పల్లెపాటలు పాడిన ఈ మనిషి, నల్లజాతి గాయకుల రిథమ్ అండ్ బ్లూస్ పాటలలోని ఊపు విని, టోపీ తీసివేసి, తన మేళమునకు ‘కామెట్స్’ అని, అనగా తోకచుక్కలని, క్రొత్తపేరు పెట్టుకొనెను.

1954 ఏప్రిల్ 12 న న్యూయార్కు నగరములో పైథియన్ టెంపుల్ అను భవనమున డెక్కా కంపెనీవారు ఈ మేళముచేత రెండు పాటలు పాడించిరి. పొద్దంతయు మొదటి పాటకే చెల్లిపోయి, రెండవదానికి చివరను కొద్ది నిమిషములే మిగిలినవి. మొదటి మారు వాద్యముల హోరులో హేలీ గొంతు మునిగిపోయినది. రెండవ మారు గొంతును పైకి తెచ్చి, రెంటిని అతికి, పళ్ళెమునకు వెనుకప్రక్కను వేసిరి. ‘రాక్ ఎరౌండ్ ది క్లాక్’ అను ఆ వెనుకప్రక్క పాట మరుసటి సంవత్సరము ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ అను చలనచిత్రపు మొదటను వినబడి, 1955 జూలై 9 న, హేలీకి ముప్పదియేండ్లు నిండిన మూడవనాడు, అమెరికా పాటల పట్టికలో అగ్రస్థానమున కెక్కెను. అందులో మెరుపువలె సాగిన గిటారు వాదనము డానీ సెడ్రోన్ అను కళాకారునిది. ఆతడు ఆ పనికి 21 డాలర్ల కూలి పుచ్చుకొనెను. రెండు నెలలు దాటగానే మేడమెట్లమీద జారిపడి మరణించెను. తాను వాయించినది లోకము నూపుట ఆతడు వినలేదు. కూలి లెక్క నిలిచియుండుటయు కీర్తి చేతికందకపోవుటయు మన భజంత్రీలకును తెలియని సంగతి గాదు.

హేలీ ఈ సంగీతమునకు స్రష్ట యని నే ననను. ఆయన పాడి ప్రఖ్యాతి పొందిన వానిలో ‘షేక్, రాటిల్ అండ్ రోల్’ వంటిది బిగ్ జో టర్నర్ అను నల్లజాతి గాయకుడు అంతకుముందే పాడినది. నల్లవారు వండినదానిని తెల్లవారి వీధిలో వడ్డించినవాడు హేలీ యన్నచో కటువుగా నుండును గాని అబద్ధము గాదు. ఆ వడ్డన 1957 ఫిబ్రవరిలో సముద్రము దాటి ఇంగ్లండునకు వచ్చెను. లివర్‌పూల్ ఓడియన్‌లో హేలీ పాడిన నాడు, దాచుకొన్న డబ్బులతో టికెట్టు కొని కూర్చున్నవారిలో మునుముందు బీటిల్సువాడు కాబోవు పదునాలుగేండ్ల పాల్ మెకార్ట్నీ యొకడు.

ఇక ఆ యేటి జూలై 6 నకు వత్తును. నా ఉపన్యాసమునకు నడుమ దూలము అదియే.

లివర్‌పూల్ రేవుపట్టణము. అమెరికా ఓడలలో పనిచేయు నావికులు అక్కడి గ్రామఫోను పళ్ళెములను ఇంటికి తెచ్చెడివారు. యుద్ధకాలపు రేషను 1954 జూలైతో ముగిసెను. 1939 అక్టోబరు తరువాత పుట్టిన మగపిల్లలకు నిర్బంధ సైనికసేవ తప్పిపోయెను. 1940 అక్టోబరు 9 న పుట్టిన జాన్ లెనన్, బీటిల్సులో పాల్‌కు జోడుగాయకుడు కాబోవువాడు, అట్లు తప్పించుకొన్నవాడు. పదునెనిమిదవ యేట తుపాకి పట్టవలసిన తరము గిటారు పట్టుటకు ఈ ప్రభుత్వ నిర్ణయము ఎంత కారణమో సంగీతచరిత్రకారులు సాధారణముగా ఒక వాక్యములో చెప్పి దాటిపోవుదురు. నాకు మాత్రము అది పెద్ద సంగతిగనే తోచును. గిటారు కొనలేనివారికి స్కిఫిల్ అను పేదవాని మేళము దొరకినది. 1956 లో లానీ డోనెగన్ పాడిన పాట విని ఆ దేశపు కుర్రవాండ్రు వీధి కొక మేళము కట్టిరి. బట్టలుతుకు గరుకుబల్ల, దానిని గీకుటకు దర్జీలు వ్రేళ్ళకు పెట్టుకొను లోహపు తొడుగులు, ఇది లయ. మంద్రమునకు తేయాకు పెట్టె. తూర్పుదేశములనుండి తేయాకు నింపుకొని ఓడలలో వచ్చిన పలుచని చెక్కపెట్టెను బోర్లించి, దానిపై చీపురుకర్ర నొకదానిని నిలిపి, కర్ర కొసనుండి పెట్టె నడిమికి త్రాడు బిగింతురు. కర్రను వెనుకకు వంచి మీటినచో స్వరము పెరుగును, సడలించినచో తగ్గును. ఉత్తరాంధ్రమున జముకుల కథ విన్నవారికి ఈ కిటుకు నేను విప్పి చెప్ప నక్కరలేదు. జముకు కూడ ఒక్క తంత్రి బిగువు మీదనే బ్రదుకుచున్నది.

లెనన్ తన బడి పేరుమీదుగా ‘క్వారీమెన్’ అని ఇట్టి మేళము కట్టెను. 1957 జూలై 6, శనివారము, లివర్‌పూల్ శివారున వూల్టన్ అను పేటలో సెయింట్ పీటర్స్ చర్చివారి తోట తిరునాళ్ళు. మనకది హేవిళంబి నామ సంవత్సర ఆషాఢ శుద్ధము. మనవారు ఆషాఢమున ఏ శుభకార్యమును ఆరంభింపరు గదా, అక్కడివారికి ఆ పట్టింపు లేదు. లారీలమీద ఊరేగింపు, గులాబీరాణి కిరీటధారణము, సైనికుల బ్యాండు, మిఠాయి దుకాణములు, అన్నియు నుండెను. అచ్చువేసిన కార్యక్రమపత్రము ప్రకారము క్వారీమెన్ మేళము సాయంకాలము 4-15 నకు ఒకసారి. 5-15 నకు నగర పోలీసు కుక్కల విన్యాసము. 5-45 నకు మరల మేళము. ఇరువదవ శతాబ్దపు సంగీతచరిత్రలో నొక ముఖ్యఘట్టము పోలీసు కుక్కలకు ముందును వెనుకను జరిగినదని ఆ కాగితము సాక్ష్యమిచ్చుచున్నది. రాత్రి 8 గంటలకు చర్చి హాలులో నాట్యము. టికెట్టు రెండు షిల్లింగులు.

ఐవన్ వాన్ అను బాలుడు తన బడిస్నేహితుడైన పాల్‌ను సైకిలుమీద ఆ తిరునాళ్ళకు రప్పించెను. ఈ ఐవనును పాలును ఒకే నాడు, 1942 జూన్ 18 న, ఒకే నగరమున పుట్టినవారు; తారీఖు గుమాస్తా చిలిపితనములలో ఇదియొకటి. తోటలోని వేదికమీద గళ్ళచొక్కా తొడిగి పాడుచున్న పదునారేండ్ల లెనన్‌ను పాల్ దూరమునుండి చూచినాడు. వాడు పాడుచున్నది డెల్ వైకింగ్స్ వారి ‘కమ్ గో విత్ మీ’. పల్లవి వచ్చును, చరణములు రావు. రానిచోట చెరసాలను గూర్చిన మాటలను అప్పటికప్పుడు కల్పించి అతికించుచు, తడబాటు లేకుండ సాగిపోవుచుండెను. మన హరికథకులలో కొందరు సాహిత్యము మరచినప్పుడు చేయు పనియే యిది. అయితే వారు కండ్లు మూసికొందురు, వీడు జనులను తేరిపార చూచుచుండెను.

సాయంకాలము చర్చి హాలులో, రాత్రి నాట్యమునకు సామాను సర్దుచున్న వేళ, ఐవన్ ఇరువురకు పరిచయము చేసినాడు. లెనన్ బీరు త్రాగియుండెను. పాల్‌కు ఆ వాసన ఎన్నేండ్లయినను గుర్తుండిపోయినది. మాటలు పొడిపొడిగా నడచినవి. పాల్ గిటారు నొకదానిని అడిగి పుచ్చుకొని, తాను ఎడమచేతివాడగుటచే దానిని తలక్రిందుగా పట్టి, ఎడీ కాక్రన్ పాట ‘ట్వెంటీ ఫ్లైట్ రాక్’ను మొదటినుండి తుదివరకు ఒక్క మాటయు తప్పక పాడివేసెను. చరణములు మరచువానియెదుట చరణములన్నియు తెలిసినవాడు నిలుచుట! అటుపిమ్మట చేసిన పని నా దృష్టిలో పాటకన్న పెద్దది: లెనన్ మేళములో గిటారులకు శ్రుతి చేయుట ఎవరికిని సరిగా రాదని చూచి, బిరడలు త్రిప్పి, తంత్రి తంత్రికి చెవి యొగ్గి, శ్రుతి కుదిర్చి యిచ్చెను.

ఈ శ్రుతి మాట యెత్తిన తరువాత కొంచెము నిలువవలెను. లెనన్‌కు తొలుత వాద్యము నేర్పినది తల్లి జూలియా. ఆమెకు వచ్చినది బాంజో. బాంజో పట్టునే కొడుకు గిటారుమీద పట్టెను. ఆతడు పెరిగినది పెద్దతల్లి యింట. తల్లి మరియొక యింట కాపురముండెను. కొడుకునకు తల్లికిని నడుమ చుట్టరికము నిలిపినది ఆ బాంజో వరుసలే. శ్రుతిని తల్లి యనియు లయను తండ్రి యనియు మనవారు చెప్పుకొను మాటను అక్షరాలా తీసికొన్నచో, ఆ సాయంకాలము పదునైదేండ్ల బాలుడొకడు తల్లి కట్టిన శ్రుతిని విప్పి వేరొక శ్రుతి కట్టినాడు. ఆ బాలునికి తల్లి లేదు. పాల్ తల్లి మేరీ, మంత్రసానిగా పనిచేసిన నర్సు, అంతకు ఎనిమిది నెలల ముందు 1956 అక్టోబరు 31 న రొమ్ము రాచపుండుతో మరణించెను. తండ్రి కానుకగా నిచ్చిన బాకాను, నోట బాకా యుండగా పాడుట కుదరదని దుకాణమున నిచ్చివేసి, గిటారు మార్చుకొని, ఆ దుఃఖములో ఆ పిల్లవాడు దానిని సాధించినాడు. పిదప ఏడాదియు తొమ్మిది దినములు గడచునంతలో, 1958 జూలై 15 న, జూలియాయు మోటారు క్రిందపడి మరణించెను. మేష్టారు మా వసారాలో విన్న ఆ రెండు గొంతులు తల్లులు లేని యిద్దరు పిల్లలవి.

ఇక్కడ ఈ పుటలోని మన మనిషిని గూర్చి చెప్పక తప్పదు. 1930 జూలై 6 న, అనగా హేలీకి సరిగా అయిదేండ్లు నిండిననాడు, తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తమున మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు జన్మించినారు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ నేర్చినవారు. పురిటిబిడ్డగా నుండగనే ఆయన ఆమెను పోగొట్టుకొనెను. ఈ దినము పుటలో తల్లి వాద్యమును తలచుకొని పెరిగిన బిడ్డ లింతమంది యుండుట కాకతాళీయమే. కాకతాళీయమని తెలిసియు చేతితో తడిమి చూడబుద్ధి యగుచున్నది. ఆయన నెవరైన ఎవరి శిష్యులని అడిగినచో జవాబునకు తడుముకొన నక్కరలేదు: పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, వారికి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారికి మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, వారికి త్యాగరాజస్వామి. ఎనిమిదవయేట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున నిండుకచేరి చేసి, ఒక భాగవతారుచేత ‘బాల’ అను ముందుమాటను పేరునకు సంపాదించుకొని, యౌవనముననే డెబ్బదిరెండు మేళకర్తలలోను కృతులు రచించినవారు. అంత పరంపర గలవారే, తరువాతి కాలమున మూడే స్వరములతో సర్వశ్రీ మొదలగు రాగములను కల్పించినప్పుడు, మూడు స్వరములతో రాగమేమని పండితులు కత్తులు నూరిరి. రాక్ అండ్ రోల్ మీద పాశ్చాత్య పండితుల ఆక్షేపణయు అదియే: మూడు స్వరగుచ్ఛములు తప్ప ఇందేమున్నదని. రెండు కళలకును పోలిక తెచ్చుట నా ఉద్దేశము గాదు. వెయ్యి అడుగుల లోతు బావికి వానకాలపు వాగునకు పోలికయేమి? ఆక్షేపించినవారి కంఠస్వరము మాత్రము రెండుచోట్లను ఒకే శ్రుతిలో నుండుట విన్నాను.

వూల్టన్ హాలులో ఆ రాత్రి నాట్యము జరుగునప్పుడు ఆ పేట యువకుడొకడు గ్రుండిగ్ టేపు రికార్డరుతో మేళమును పట్టియుంచినాడు. లెనన్ గొంతుతో రెండు పాటలు మిగిలినవి. 1994 లో సోథ్‌బీ వేలమున ఇ.ఎమ్.ఐ. కంపెనీవారు ఆ టేపును 78,500 పౌనులకు కొనిరి. తోటలో మేళము వాయించుచుండగా తీసిన ఛాయాచిత్రమును మిగిలినది. ఇన్ని సాక్ష్యములుండియు, తొలినాళ్ళలో అచ్చయిన కొన్ని వ్రాతలలో ఆ సమావేశపు తారీఖే తప్పుగా పడినది. పాల్గొన్నవారెవరికి ఆ దినము గుర్తుంచుకొనదగినదిగా తోచలేదు, తోచుటకు కారణమును లేదు. ఆ చర్చి శ్మశానవాటికలో ఎలినార్ రిగ్బీ అను పేరుగల స్త్రీ సమాధిరాయి యున్నది. ఆమె 1939 అక్టోబరు 10 న, నలువదినాలుగవ యేట మరణించినదని దానిమీద చెక్కియున్నది. 1966 లో అదే పేరుతో పాట వచ్చిన తరువాత లోకమంతయు ఆ రాయి చూడబోవుచున్నది. ఆ రాయిని చూచియే ఆ పేరు పెట్టితినని పాల్ ఎన్నడు చెప్పలేదు. తెలియకయే మనసున దిగబడియుండవచ్చునని మాత్రమే అనెను.

ఇంటికి పోయిన లెనన్ కొన్నినాళ్ళు ఆలోచించెను. తనకన్న మిన్నగా వాయించువానిని చేర్చుకొన్నచో మేళము బలపడును, తన పెద్దరికము సన్నగిల్లును. మేళము బలపడవలెనని నిశ్చయించుకొనెను. రెండు వారములు గడచిన పిమ్మట గరుకుబల్ల వాయించు పీట్ షాటన్, సైకిలుమీద పోవుచున్న పాల్‌ను దారిలో ఆపి, మేళములో చేరుదువా అని అడిగినాడు. ఆతడు కొంత ఆలోచించి సరే యన్నాడు. పదునారేండ్లవాడు చేసిన ఆ నిశ్చయమును మన సంగీతసభల కార్యవర్గములవారు, నేను కూడ ఒకప్పు డట్టి వర్గములో నుండినవాడనే గనుక చెప్పుచున్నాను, ఎప్పుడైన చేసియుంటిమా యని నాకు సందేహము.

సరిగా ఏడేండ్లకు, 1964 జూలై 6 న, లండను నగరపు పికడిలీ సర్కసులోని లండన్ పెవిలియన్ చిత్రశాలలో, అప్పటికి బీటిల్సు అను పేరు పెట్టుకొన్న ఆ మేళము నటించిన, రిచర్డ్ లెస్టర్ దర్శకత్వము వహించిన ‘ఏ హార్డ్ డేస్ నైట్’ చిత్రము రాజకుమారి మార్గరెట్ సమక్షమున తొలిసారి ప్రదర్శింపబడెను. వీధులు జనముతో మూసికొనిపోయినవి. చర్చితోటలో కుక్కల విన్యాసమునకు ముందును వెనుకను వాయించినవారిలో లెనన్ ఒక్కడే అక్కడ మిగిలెను. జార్జి హారిసన్ 1958 లోను, రింగో స్టార్ 1962 లోను వచ్చి చేరినవారు. ఆ చిత్రపు మొదటను ఒక్క స్వరగుచ్ఛము ఘల్లున మ్రోగును. అందే యే స్వరములున్నవో, ఏ యే వాద్యములనుండి వచ్చినవో యని దశాబ్దములపాటు పాశ్చాత్యులు వాదించుకొనిరి. శ్రుతి కుదిర్చిన చేతులు తరువాత ఏమి చేయగలవో చూపుటకు అదియొక్కటి చాలును. చిత్రమును గూర్చి వేరే చెప్పను.

చివరి పేరు మరణమునకు సంబంధించినది. 1971 జూలై 6 న న్యూయార్కులోని క్వీన్స్‌లో, తన యింట నిద్రలోనే, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కన్నుమూసెను. ఆయన తాను 1900 జూలై 4 న పుట్టితినని నమ్మి జీవితమంతయు ఆ దినమే పండుగ చేసికొనెను. పోయిన చాలయేండ్లకు చర్చి పుస్తకములలో వెదకగా 1901 ఆగస్టు 4 అని తేలినది. గుమాస్తా చిట్టాకు మనిషి జ్ఞాపకమునకు నడుమ ఇంత తేడా! బాకా నూదుటలోనే గాక, మాటలు విడిచి వట్టి ధ్వనులతో పాడు పద్ధతికిని ఆయన ప్రసిద్ధుడు. మన జతులు విన్న చెవికి అది వింత గాదు. 1964 లో బీటిల్సు పాటలు వరుసగా పదునాలుగు వారములు అమెరికా పట్టికలో అగ్రస్థానమున నిలువగా, వారిని మే నెలలో దింపివేసినది అరువదిరెండేండ్ల ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన ‘హలో డాలీ’. 1930 జూలై 16 న, శంకరగుప్తములో బాలమురళి పదిదినముల పసికందుగా నున్నప్పుడు, ఆయన హాలీవుడ్‌లో జిమ్మీ రోడ్జర్స్ అను తెల్లజాతి పల్లెగాయకుని ప్రక్కన బాకా పట్టి ఒక పాట వాయించెను. నల్లవాని బాకా, తెల్లవాని పల్లెపాట ఒకే పళ్ళెముమీద కలిసినవి. ఇరువదినాలుగేండ్ల తరువాత హేలీ చేసినదానికి అదియే పూర్వరంగమని నా నమ్మకము. ఆ పళ్ళెమును సంగీతచరిత్ర పుస్తకములలో ఇంకను పెద్ద అక్షరములతో అచ్చువేయవలసియున్నది.

మేష్టారూ, ఇక మీ ప్రశ్నకు జవాబు. వారు ఒకరి శిష్యులు కారు. బాంజో వాయించిన తల్లికి కొంత, పోయి లోటు మిగిల్చిన తల్లికి కొంత, ముంగురుల చుట్ట దువ్వుకొన్న ఒంటికంటి పాటగానికి కొంత, ఆతడు నేర్చుకొన్న పేరెరుగని నల్లజాతి వీధులకు చాల, తేయాకు పెట్టె మీటిన మేళగాండ్రకు కొంత, ఒకరి కొకరికి మిగిలినదంతయు. గురువు నెదుట కూర్చుండి నేర్చినది కాకపోయినను, ఒకనాడు ఒకడు మరియొకని వాద్యమును చేతికి తీసికొని శ్రుతి చేసి తిరిగి యిచ్చినాడు. అట్టి దొక్కటియైన లేనిది మీరు గడపలో నిలిచి వినెడివారు కారు.

సభవారికి ఒక మనవి చేసి విరమించెదను. మేష్టారి తంబురాను బీరువాలో పెట్టి పందొమ్మిదేండ్లయినది. ఇందాక దగ్గరకు పోయి చూచితిని. నాలుగు తంత్రులలో రెండు తెగిపోయినవి, ఒకటి త్రుప్పు పట్టినది, జీవా దారము లేదు. సభలో ప్రార్థన పాడిన అమ్మాయి శ్రుతిపెట్టె మీట నొక్కి పాడినది, బాగుగనే పాడినది. కార్యదర్శిగారు రేపు సోమవారము బీరువా తాళము తీయించి, తంత్రులు వేయించి, ఆ తంబురాను ఆ అమ్మాయి చేతికి ఇప్పింపవలెను. ఖర్చు నేను పెట్టుకొందును.